పరీక్ష రోజు చేతులు

మొన్న మా ఆసుపత్రి సమావేశ మందిరంలో ఆయన సంతాప సభ జరిగింది. బంతిపూల దండ వేసిన ఫొటో, దాని ముందు వెలిగించిన అగరొత్తులు, వేదిక మీద వరసగా పెద్దలు. మైకు ముందుకు వచ్చిన ప్రతివారూ ఆయనను సేవామూర్తి అన్నారు, హస్తవాసి ఉన్న మనిషి అన్నారు. వాటితో నాకు పేచీ లేదు. పోయినవారి గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం మర్యాద. మర్యాదను ఎవరూ సాక్ష్యంగా స్వీకరించరు. కాని చివర లేచిన పెద్ద డాక్టరుగారు మర్యాదతో ఆగలేదు. ఒక వాదం చేశారు.

"ఆయనకు క్యాన్సరని తెలిసినప్పుడు విశాఖపట్నం వెళ్ళమని మేమంతా చెప్పాం. వెళ్ళలేదు. తన గదిలో, తాను పరీక్ష చేయించిన యంత్రంలో కలిపిన మందునే ఎక్కించుకున్నారు. తన పని మీద మనిషికి ఇంతకంటే నమ్మకం ఏముంటుంది?"

సభ చప్పట్లు కొట్టింది. సంతాప సభలో చప్పట్లు కొట్టవచ్చునా అన్న సందేహం కూడా ఎవరికీ కలగలేదు.

నన్ను కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. రాసి ఇస్తానన్నాను. ఇదే ఆ రాత. విజయనగరంలో చదువుకునే రోజుల్లో మా డిబేట్ మాష్టారు మాకు మొట్టమొదట నేర్పిన నియమం ఒకటుంది: ఎదుటి పక్షం చేసిన వాదనకు జవాబు చెప్పకుండా కూర్చుంటే, న్యాయనిర్ణేత దాన్ని నిలిచిన వాదనగానే రాసుకుంటాడు. ఈ వాదన నిలవకూడదు. అందుకే రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. ఆసుపత్రిలో ఆయనను పేరుతో పిలిచినవాళ్ళు లేరు. డాక్టర్ల నుంచి ఆయమ్మల దాకా అందరికీ ఆయన పెద్దసారు. మందుల గదికి పెద్ద. నేను అక్కడ చిన్న ఫార్మసిస్టుగా చేరేనాటికే ఆయన ఆ గదిలో ఒక గోడలాగా స్థిరపడి ఉన్నారు.

ఆ గదిలో ఒక గాజు పెట్టె ఉంది. దాని అసలు పేరు పొడుగైనది. మేమంతా పెట్టె అనే అంటాం. క్యాన్సరు మందు చిన్న సీసాల్లో వస్తుంది. మనిషికి తగినంత కొలిచి, సిరంజితో తీసి, సెలైన్ సంచిలో కలపాలి. ఆ సంచిలోది నేరుగా నెత్తురులోకి పోతుంది. పోయేది కూడా ఆ మందు వల్లనే రోగాన్ని తట్టుకునే శక్తి సన్నగిల్లిన మనిషి నెత్తురులోకి. సంచిలో ఒక్క సూక్ష్మజీవి చేరినా అతని ఒంట్లో దానికి అడ్డు చెప్పేవారుండరు. అందుకే ఆ పెట్టె. పైనుంచి వడకట్టిన గాలి తెరలాగా దిగుతూ ఉంటుంది. ముందు అంచున ఉన్న జల్లెడ ఆ గాలినీ, గదిలోంచి చొరబడబోయే గాలినీ కిందికి లాగేస్తుంది. జల్లెడను కప్పితే తెర చిరుగుతుంది. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు.

ఆ జల్లెడ పెద్దసారు మోచేతికి శాశ్వత నివాసం.

ఉదయం ఆయన రాకే ఒక ఉత్సవం. ఒంటి మీద పొందూరు ఖద్దరు చొక్కా, ఇస్త్రీ మడత చెదరకుండా. ఆ నేతలోని సన్నదనం మీద నాకు గౌరవం ఉంది. మా ఇంట్లోనూ ఆ బట్టే కడతారు. కాని నూలు బట్ట ఎంత సన్ననిదైనా నూగు రాలుస్తుంది. పెట్టె ముందు కూర్చునేవారు నూగు రాలని గౌను తొడుక్కోవాలన్నది అందుకే. ఆయన గౌను చిలక్కొయ్యకు వేలాడుతూ ఉండేది. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, తలుపు మూసుకోకుండా దానికి సెలైను పెట్టె ఒకటి అడ్డం తోసి, "గాలి ఆడాలమ్మా, నేకపోతే ఉక్కతో సచ్చిపోతాం" అనేవారు. ప్రత్యేకంగా గాలిని వడకట్టడానికి లక్షల యంత్రం పెట్టిన గదిలో, వరండా గాలి ఆడడం కోసం ఆ ఏర్పాటు.

తరవాత పూజ. పెట్టె నెత్తిన అమ్మవారి పటం ఉండేది. అగరొత్తి వెలిగించి పటానికి మూడుసార్లు తిప్పి, ఆ చెయ్యి అలాగే కిందికి దించి పెట్టె లోపల పట్టుకునేవారు. పొగ నిట్టనిలువుగా దిగి జల్లెడలోకి పోయేది.

"సూసినావా? పొగ తిన్నగా దిగిపోతంది. అంటే గాలి బాగున్నాది. అమ్మకి పూజా అయిపోనాది, పెట్టెకి టెస్టూ అయిపోనాది. ఒక్క ఒత్తితో రెండు పనులు."

పొగతో గాలి దిశను చూడడం నిజంగానే ఒక పరీక్ష. దానికి వేరే సాధనం ఉంది, వేరే పద్ధతి ఉంది, బూడిద రాలకపోవడం అనే ఒక చిన్న షరతు కూడా ఉంది. ఆయన చేసిన పరీక్ష ముగిసేసరికి, పరీక్షించిన చోటనే బూడిద నుసి ఉండేది. దాన్ని ఆయన ఉఫ్ అని ఊదేవారు. ఊదిన నోటితోనే "ఇంక తెండి సీసాలు" అనేవారు.

ఇక పని. సిరంజిలో గాలిబుడగ కనిపిస్తే చూపుడువేలి గోటితో టక్ టక్‌మని రెండు దెబ్బలు వేసేవారు. ఆ చప్పుడు వరండాలోకి వినిపించేది. ఎడమ చేతి తొడుగుతోనే మోగుతున్న ఫోనందుకుని, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "ఆఁ బావా, సెప్పు. కాదు బావా, ఆ పిల్లకి వొద్దు. ఆల్ల నాన్న మాటంటే మాట మీద నిలబడ్డు. ఆఁ, మందు కలుపుతన్నాను, పరవానేదు, సెప్పు" అని ఎవరి పెళ్ళి సంబంధమో చెడగొడుతూ, మరెవరి ప్రాణమో కలిపేవారు.

ఏడాదికోసారి విశాఖ నుంచి ఒక కుర్ర ఇంజనీరు మీటర్లు, పొగ గొట్టం పెట్టుకున్న సంచీతో పెట్టెను పరీక్షించడానికి వచ్చేవాడు. ఇవి కాక మేమే చేసుకోవలసిన పరీక్షలు ఉండేవి. అందులో ముఖ్యమైనది మందుకు బదులు సూక్ష్మజీవులు ఇష్టంగా తినే ద్రావణాన్ని తీసుకుని, అచ్చం మందు కలిపినట్టే కలిపి, వెచ్చని అరలో ఉంచి చూడడం. కలిపినవారి చేతిలోగాని పద్ధతిలోగాని లోపముంటే ద్రావణం మబ్బు పట్టినట్టు అవుతుంది. లేకపోతే తేటగా ఉంటుంది. దీనికి పెద్దసారు పెట్టిన పేరు చారు టెస్టు.

పరీక్ష రోజున ఆ గదిని చూడాలి. పెళ్ళిచూపులకు ముస్తాబయిన ఇల్లు కూడా అంత అబద్ధం ఆడదు. తలుపుకు అడ్డం ఉన్న సెలైను పెట్టె మాయమయ్యేది. ఫోను ఆయమ్మ చేతికి పోయేది. అమ్మవారి పటాన్ని కళ్ళకద్దుకుని స్టోరు గదిలో బీరువా మీద కూర్చోబెట్టేవారు. ఏడాది పొడుగునా కాపాడిన తల్లికి, కాపాడవలసిన రోజున సెలవు. ఖద్దరు చొక్కా చిలక్కొయ్యకు ఎక్కి, చిలక్కొయ్య మీది గౌను పెద్దసారు ఒంటికి దిగేది.

అప్పుడు ఆయన చేతులు.

ఇది ఒప్పుకోకపోతే నా వాదనే అబద్ధమవుతుంది. ఆ చేతుల వంటి చేతులు నేను మళ్ళీ చూడలేదు. మోచేతులు గాలిలో నిలిచి ఉండేవి. సూది ఒక్కసారి కూడా దేనికీ తగిలేది కాదు. ఏ వస్తువూ మరో వస్తువుకు పైనుంచి వచ్చే గాలిని అడ్డుకునేది కాదు. పెదవి కదిపేవారు కాదు. ఏ చేతితో ఏ సీసా మూత తుడవాలో, తుడిచాక ఎంతసేపు ఆరనివ్వాలో ఆ చేతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంజనీరు నోరు తెరిచి చూసేవాడు. సంతకం పెట్టి, అరిటాకులో భోజనం చేసి, రైలెక్కిపోయేవాడు. అతను పంపిన ధ్రువపత్రానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి పెద్దసారు గోడకు కొట్టించేవారు. మర్నాడు ఉదయం అమ్మవారు సెలవు ముగించుకుని పెట్టె నెత్తికి వచ్చేది. అగరొత్తి వెలిగేది. మోచెయ్యి జల్లెడ మీదికి దిగేది.

నేను చేరిన తొలి ఏడాదే అడిగాను.

"సార్, టెస్టు రోజున పటం ఎందుకు తీసేస్తారు?"

"ఆల్లకి అగరొత్తి పొగ పడదమ్మా."

"రోగులకు పడుతుందా సార్?"

మందులు లెక్కపెడుతున్నవాళ్ళు ఆపి నవ్వారు. ఆయనా నవ్వారు, ఆయనకు కోపం రాదు, అదే ఆయన ఆయుధం. "ఓలమ్మ! డిబేట్లలో కప్పులు గెలిసినాదంట ఈ గుంట. ఏటమ్మా లాయరమ్మా, ఇక్కడ కోర్టు పెట్టినావేటి? అయితే జడ్జీకి ఒక టీ సెప్పు ముందు."

ఆ రోజు నుంచి నేను లాయరమ్మను. నా ప్రతి ప్రశ్నకూ ఆ పిలుపే జవాబు. ప్రశ్నకు పేరు పెడితే ఇక దానికి జవాబు చెప్పనక్కర్లేదన్నది మన కార్యాలయాల్లో ఎంతో కాలంగా నడుస్తున్న పద్ధతి. ఆయన ఆ పద్ధతికి ఆస్థాన విద్వాంసుడు.

అయినా ఆయన పక్షాన ఉన్న బలమైన వాదనను నేను దాచను. ఎదుటివాడి వాదనలో అతి బలమైనదాన్ని ముందు మన నోటితో చెప్పి, తరవాతే ఖండించాలని మాష్టారు చెప్పేవారు. ఒకసారి టీ తాగుతూ పెద్దసారే ఆ వాదన చెప్పారు.

"సరే, నీ మాటే నెగ్గనీ. మామూలు రోజున టెస్టు సేస్తాం. ఫెయిలయిపోతాది. పెట్టెకి సీలేసేస్తారు. అప్పుడు ఆ బెంచీ మీద కూకున్నోలు ఎక్కడికెల్తారు? విశాఖకి. కూలి మానుకుని, కొత్తవలస మీదన రైల్లో నిలబడి ఎల్లి, ఆడ ఆస్పత్రి బయట తుండుగుడ్డ పరుసుకుని పడుకోవాల. సగం మంది మద్దెలో మానేస్తారు. మానేస్తే సచ్చిపోతారు. నీ నిజాయితీకి ఆల్లు సావాలేటమ్మా?"

ఆ మాటకు జవాబు నాకు ఇంటికి వెళ్ళే దారిలో గాని తట్టలేదు. ఆయన నా ముందు పెట్టినవి రెండే దారులు: ఇక్కడ ప్రమాదం, లేదా అక్కడ ప్రయాస. మూడో దారిని ఆయన పలకనే లేదు. ఆ దారికి సీలూ అక్కర్లేదు, రైలూ అక్కర్లేదు. జల్లెడ మీది మోచెయ్యి ఎత్తితే చాలు. పేదవాళ్ళ ప్రయాణ కష్టాన్ని అంత కరుణతో వర్ణించిన మనిషి, ఆ కరుణలో మోచేతి బరువంత భాగమైనా వాళ్ళ కోసం మోయడానికి సిద్ధపడలేదు.

ఆ బెంచీ మీద కూర్చునే వాళ్ళలో నెల్లిమర్ల నుంచి వచ్చే దంపతులు ఉండేవారు. భర్త జ్యూటు మిల్లులో పనిచేసి దిగిపోయిన మనిషి. మాట తక్కువ, దగ్గు ఎక్కువ. ఆమె మాత్రం బెంచీ మీద కుదురుగా కూర్చునేది కాదు. వరండాకూ మందుల గదికీ మధ్య ఉన్న అద్దానికి ముఖం ఆనించి, "బాబూ, మావోడి సంచి అయిపోనాదా? బేగి కలిపియ్యి బాబూ, బస్సు ఎల్లిపోతాది" అని పెద్దసారును తొందరపెట్టేది. ఆయన సూది చేత్తోనే "వస్తంది, వస్తంది" అని సైగ చేసేవారు.

ఒకసారి మందు ఎక్కించుకుని ఇంటికి పోయిన ఆ పెద్దాయనను మర్నాడే చలీ, వణుకూ, జ్వరంతో ఆటోలో తీసుకువచ్చారు. ప్రాణం మీదికి వచ్చి, తేరుకున్నాడు. తరవాతి విడత మందు వాయిదా పడింది. వార్డు బయట ఆమె నా చెయ్యి పట్టుకుని, "మందు పడక జొరమా అమ్మా, మందు వల్ల జొరమా?" అని అడిగింది. నాకు తెలియదని చెప్పాను. అది నిజం. ఆ స్థితిలో ఉన్న మనిషికి జ్వరం రావడానికి కారణాలు అనేకం. అనుమానానికీ రుజువుకీ తేడా తెలియకపోతే నేను నేర్చుకున్న చదువు దండగ. కాని రుజువు లేదన్న మాటకు, రుజువు వెతకనక్కర్లేదని అర్థం కాదు. అతనికి ఇంకా కొన్ని విడతల మందు మిగిలి ఉంది. అవన్నీ ఆ పెట్టెలోనే, ఆ మోచేతి కిందే కలవాలి.

పెద్దసారుతో చెప్పాను. ఆయన సిరంజికి రెండు గోటి దెబ్బలు వేసి అన్నారు: "జనపనార దుమ్ము ఇన్నేల్లు పీల్సినోడమ్మా ఆడు. మన గదిలో గాలి ఆడితే ఏటి సేస్తాది?"

ఆయన మాటలన్నిటిలో నేను క్షమించలేనిది ఇది. ఒక మనిషిని బతుకంతా దుమ్ములో ఉంచినందుకు, ఇంకాస్త దుమ్ము అతనికి చెల్లుతుందనడం.

సరిగ్గా అప్పుడు పెద్ద డాక్టరుగారు మందుల గది గుమ్మంలోకి వచ్చారు, ఆ జ్వరం సంగతే అడగడానికి. నేను ఆయన ముందే అన్నాను: "సార్, సంచి వల్లనే జ్వరమని నేను అనడం లేదు. కాదని కూడా మనకు తెలియదు. ఇప్పుడే, ఇక్కడే, గది ఇలా ఉండగానే చారు టెస్టు చేద్దాం. ఏదీ కదపకుండా."

డాక్టరుగారు పెద్దసారు వైపు చూశారు. పెద్దసారు హాయిగా నవ్వారు. "దానికేటి సార్! లాయరమ్మ ముచ్చట తీరుద్దాం. పట్రా ఆ చారు."

ద్రావణం సీసాలు తెచ్చాను. ఆయన స్టూలు మీద కూర్చోబోయి, ఆగారు. "ఒక్క నిమిషం" అన్నారు. వాచీ విప్పారు. ఉంగరం తీసి పెట్టారు. ఫోను నా చేతిలో పెట్టారు; అది నా చేతిలోనూ మోగుతూనే ఉంది, బావ కాబోలు. కాలితో సెలైను పెట్టెను బయటికి నెట్టి తలుపు మూశారు. పటాన్ని కళ్ళకద్దుకున్నారు.

"సార్, ఏదీ కదపకుండా అన్నాను" అన్నాను.

"టెస్టంటే టెస్టునాగే సెయ్యాలమ్మా. అశ్రద్ధ పనికిరాదు."

ఈ వాక్యం ఆయన నవ్వకుండా అన్నారు. చొక్కా విప్పి గౌను తొడుక్కున్నారు, చేతులు మోచేతుల దాకా కడుక్కున్నారు, పెట్టె అద్దం సరైన ఎత్తుకు దించారు, కూర్చున్నారు. ఇక ఆ చేతులు వచ్చేశాయి. మోచేతులు గాలిలో, పెదవులు బిగిసి, సూది దేనికీ తగలకుండా. డాక్టరుగారు అద్దం అవతల చేతులు కట్టుకుని నిలబడి, కచేరీ వింటున్నట్టు తల ఊపారు.

వెచ్చని అరలో ఉంచవలసినన్నాళ్ళు ఉంచాక, పెద్దసారు స్వయంగా సీసా తీసి కిటికీ వెలుతురులో పట్టారు. "సూడమ్మా, కొబ్బరినీల్లనాగ ఉన్నాది. మబ్బున్నాదా? నలుసున్నాదా? పాసయిపోనాదా, నేదా?"

"మీరు పాసయ్యారు సార్. మామూలు రోజు పాసవలేదు. దాన్ని మీరు పరీక్షకు కూర్చోనివ్వలేదు."

"అమ్మాయీ, ఓడినప్పుడు ఒప్పుకోవడం కూడా డిబేట్‌లో భాగమే కదా" అన్నారు డాక్టరుగారు. అందరూ నవ్వారు. నాకు టీ తెప్పించారు కూడా.

అంతవరకూ ఆయనను నేను తెలియని మనిషి అనుకున్నాను. తెలియకపోవడం నేరం కాదు, నేర్పితే పోతుంది. ఆ సీసా చూశాక ఆ సౌకర్యం కూడా నాకు మిగలలేదు. ఆయనకు అన్నీ తెలుసు. ఏది ఎందుకు చెయ్యాలో తెలుసు, చెయ్యడం వచ్చు, మా అందరికంటే బాగా వచ్చు. ఆ విద్య అంతటినీ ఇంటిల్లిపాదీ పండక్కి మాత్రమే తీసే వెండి కంచంలాగా దాచుకుని, చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్ళకు వడ్డించారు. తినవలసినవాళ్ళకు వడ్డించలేదు. చారుకు దక్కిన శ్రద్ధ మందుకు దక్కలేదు. చారు ఎవరి నరంలోకీ పోదు.

మర్నాడు పటం పెట్టె మీదికి వచ్చింది. నేను నెల్లిమర్ల ఆయన సంచి నేనే కలుపుతానన్నాను. "కలుపుకో. నాకొక పని తగ్గిపోనాది" అన్నారు పెద్దసారు, ఏ అవమానమూ తగలని ముఖంతో. మిగతా సంచుల సంగతి పైవాళ్ళకు చెప్పుకున్నాను. పరీక్షలన్నీ పాసవుతున్నాయి కదా అన్నారు. ఆ మాట నిజం. మన దగ్గర నిజాలకు కొదవ ఉండదు. అడగవలసిన ప్రశ్నకు పక్కగా నిలబడ్డ నిజాలు గోడల నిండా తగిలించి ఉంటాయి.

తరవాత ఆయనకే జబ్బు చేసింది. ఖద్దరు చొక్కా ముందు వదులైంది, తరవాత వేలాడింది. సెలవు పెట్టారు. గది నా చేతికి వచ్చింది. అమ్మవారి పటాన్ని మర్యాదగా ముందు గదిలో గోడకు పెట్టించి, అగరొత్తులు అక్కడే వెలిగించమన్నాను. సెలైను పెట్టెలు స్టోరులోకి వెళ్ళాయి. ఉక్కపోస్తోందని మా వాళ్ళు గొణిగారు. ఉక్కపోసింది.

డాక్టరుగారు సభలో చెప్పింది నిజమే, ఆయన విశాఖ వెళ్ళలేదు. మందు మొదటి విడతకు మా దగ్గరికే వచ్చారు. పొద్దున్నే వచ్చి, తాను ఇన్నేళ్ళూ లోపలి నుంచి సైగ చేసిన ఆ బెంచీ మీదే కూర్చున్నారు. పక్కన నెల్లిమర్ల ఆవిడ. ఆమె భర్తకు ఆ రోజు చివరి విడత, వార్డులో పడుకోబెట్టారు.

అద్దం పలచన. అవతలి మాట ఇవతలికి వినిపిస్తుంది.

"ఓలప్పా! మీకూనేటి బాబూ?" అంది ఆమె.

"నాకూనే."

"మీ సేతులతో ఎంతమందికి కలిపినారో! మీకేటి భయం బాబూ, మీ ఇల్లే కదా ఇది."

నేను గౌను తొడుక్కుని, తొడుగులు వేసుకుని ఆయన సీసా అందుకుంటుంటే, ఆయన లేచి గోడ పట్టుకుని అద్దం దగ్గరికి వచ్చారు. మొదట నా మోచేతుల వైపు చూశారు. తరవాత తలుపు వైపు. తరవాత పెట్టె నెత్తి వైపు, పటం ఉండే చోటు వైపు. ఇంజనీరు చూసినట్టే చూశారు. ఇంజనీరుకు ఏమేమి చూపించకూడదో తెలిసిన మనిషి కనుక, అంతకంటే బాగా చూశారు. చూసి, అద్దానికి చెయ్యి ఆనించి, నోరు దగ్గర పెట్టి అన్నారు:

"లాయరమ్మా... మామూలు రోజునాగ వొద్దమ్మా. టెస్టు రోజునాగ కలుపు."

నమ్మకం గురించి చప్పట్లు కొట్టిన సభవారు ఈ వాక్యాన్ని ఒకసారి చదువుకోవాలి. ఆయన ఈ గదిని నమ్మి ఉంటే ఈ మాట అవసరం లేదు. ఏ రోజున నమ్మవచ్చో, ఏ రోజున నమ్మకూడదో మా అందరికంటే ఆయనకు బాగా తెలుసు. తన వంతు వచ్చినప్పుడు ఆ రెండిట్లో ఏది కావాలో ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

నేను కలపడం మొదలుపెట్టాను. ఆయన మాట నేను ఒక్కదాన్నే వినలేదు. నెల్లిమర్ల ఆవిడ బెంచీ మీది నుంచి లేచి ఆయన పక్కకు వచ్చింది.

"టెస్టు రోజంటే ఏటి బాబూ? మందు రోజుకో నాగ కలుపుతారేటి?"

ఆయన అద్దం మీద నుంచి చెయ్యి తీసేశారు.

"సెప్పు బాబూ. మావోడికి జొరమొచ్చినప్పుడు కలిపినారే, అది ఏ రోజునాగ కలిపినారు?"

ఆమె గొంతులో నింద లేదు. తెలుసుకోవాలని అడిగింది. ఆయన ముఖంలోకి చూస్తూ, జవాబు కోసం నిలబడింది.

సూది సీసాలో ఉంది. పెట్టె ముందు కూర్చున్నవారు పని ముగిసేదాకా పెదవి కదపకూడదు, నియమం. నేను కదపలేదు. ఆ నియమం అద్దానికి ఇవతల ఉన్నవారికే. అవతల నిలబడిన మనిషికి లేదు. ఆయన కూడా పెదవి కదపలేదు.